డి డ్రైవులో అవ్వ పాటలు

పోయిన నెల ఆత్మకూరు వెళ్ళినప్పుడు మస్తానన్న భార్య నా చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టింది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మస్తానన్న పోయి ఏడాది దాటింది. షాపు గది ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికిందట, మూత మీద నా పేరు ఉంటే తీసి పెట్టిందట. లోపల పాత పంచె గుడ్డలో చుట్టిన ఒక హార్డ్ డిస్కు ఉంది. ఇప్పటి వాటిలా అరచేతిలో ఇమిడే రకం కాదు, సగం ఇటుకంత ఉంటుంది, బరువూ అంతే. దాని మీద అతికించిన తెల్ల కాగితంపై బాల్‌పెన్నుతో "సి, డి" అని రాసి, డి కొట్టేసి ఇ అని రాసి, ఆ ఇ కూడా కొట్టేసి మళ్ళీ డి అని రాసి ఉంది. మూడు రాతలూ నావే. నెల్లూరు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటులో అమ్మాయి అదేమిటని అడిగింది. హార్డ్ డిస్కు అన్నాను. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోందట, అయినా నమ్మినట్టు లేదు. ఆ కొట్టివేతల సంగతి చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి, దారిలో సంగం ఊరు వచ్చేలోపు తేలే కథ కాదది. అందుకే అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉదయగిరి. నాయన మిషన్ బడిలో తెలుగు అయ్యవారు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాయన వాళ్ళమ్మ. మా పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు. వాళ్ళ వాకిట్లో రాలిన చెక్క పేళ్ళను అవ్వ చేటతో ఎత్తుకొచ్చి పొయ్యి రాజేసేది. అందుకని మా ఇంట్లో సంగటికీ, కాగిన నీళ్ళకీ, అవ్వ చీర కొంగుకీ ఒకటే వాసన, పచ్చి చెక్క కాలిన వాసన. అవ్వకు చదువు రాదు. బైబిలు తెరిచి ఒళ్ళో పెట్టుకునేది, చదవడానికి కాదు, ఆ బరువు ఒళ్ళో ఉంటే ఆమెకు నిమ్మళం. కానీ బైబిల్లో ఉన్న కథలన్నీ ఆమె నోట్లో పాటలుగా ఉండేవి. గుడిలో పాడే పాటల పుస్తకంలోవి కావు అవి. వాళ్ళ అమ్మ, వాళ్ళ అమ్మమ్మ కలుపు తీస్తూ, నాట్లేస్తూ కట్టుకున్న పాటలు. ప్రతి పనికీ ఒకటి ఉండేది. బియ్యం చెరిగేటప్పుడు "చేటలో నూకలు చెరిగినట్టు నా దినాలు చెరిగితివి సామీ" అని మొదలయ్యే పాట. నా తలలో పేలు చూసేటప్పుడు నోవహు ఓడ పాట. ఓడలోకి జంతువులు రెండేసి రెండేసి ఎక్కుతుంటే పేలు ఒక్కొక్కటే అవ్వ గోటి మీదికి ఎక్కేవి. ఏనుగుల దగ్గరికి వచ్చేసరికి నాకు నిద్ర వచ్చేది.

నాయనకు ఆ పాటలంటే ప్రాణం. వాటిని పుస్తకంగా వేయించాలని ఆయన కోరిక. బడి నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కుని, అరుగు మీద పొడవాటి నోటుబుక్కు తెరిచి, అవ్వను పాడమని రాసుకునేవాడు. అట్లా నలభై పాటలు రాశాడు. అయితే ఆయనకు అయ్యవారి జబ్బు ఒకటి ఉండేది. చెయ్యి ఊరుకునేది కాదు. అవ్వ "యేసయ్య దొర మా ఈదికొచ్చినాడు" అని పాడితే ఆయన "వీధికి వచ్చెను" అని రాసేవాడు. ఒకరోజు రాసిందంతా అవ్వకు చదివి వినిపించాడు. అవ్వ చివరి దాకా విని, వక్క నములుతూ, "అది నా పాట కాదు నాయనా, నీది. నువ్వే పాడుకో" అంది. ఆ తర్వాత ఆయన నోటుబుక్కు తెరిస్తే అవ్వ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఇంకా చాలా పాటలు ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఒకే ఇంట్లో ఆయన నోటుబుక్కు, ఆమె మౌనం కొన్నేళ్ళు అట్లాగే ఉన్నాయి.

డిగ్రీ అయ్యాక నేను టైపు నేర్చుకుని ఆత్మకూరులో మస్తానన్న డీటీపీ సెంటర్లో చేరాను. మిషన్ కాంపౌండులో ఒక గది తీసుకున్నాను. మస్తానన్న అంతకు ముందు సీసం అక్షరాలు పేర్చే పాత ప్రెస్సులో కంపోజిటర్. అక్షరాన్ని వేళ్ళతో పట్టుకుని బతికిన మనిషి. కంప్యూటర్ కొన్నాక కూడా ఆయనకు దాని మీద భయం పోలేదు. రోజూ స్విచ్చి వేసే ముందు దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో అనుకునేవాడు. చెప్పులు గది బయటే. తెర మీద తెల్ల గుడ్డ, దాని అంచులకు ఆయన భార్య అల్లిన లేసు. పక్క కొట్లో మిరపకాయ బజ్జీల నూనె వాసన గోడ దాటి వచ్చేది. మేము కొట్టేది ఎక్కువగా పెళ్ళి శుభలేఖలు. తయారైన పని ఫ్లాపీలో వేసుకుని ఆయన నెల్లూరు వెళ్ళి అక్కడి లేజర్ ప్రింటరులో తీయించుకొచ్చేవాడు. మా దగ్గర తెలుగు అచ్చయ్యే ప్రింటరు లేదు.

అవ్వకు కంటి ఆపరేషన్ ఆత్మకూరులో చేయించాం. మూడు వారాలు నా గదిలో ఉంది. కట్టు ఉన్న కంటితో ఒంటరిగా వదల్లేక షాపుకు తీసుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేదాన్ని. మస్తానన్న ఆమెను ఒక్క మాట అనలేదు, ఆకూవక్క సంచి లోపలికి తేవడానికి కూడా ఒప్పుకున్నాడు. రెండు రోజులు ఆమె కీబోర్డు చప్పుడు వింటూ కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, నెమ్మదిగా అడిగింది.

"నువ్వు కూడా దిద్దుతావా మే?"

"దిద్దను అవ్వా. నువ్వు ఎట్టంటే అట్టనే కొడతాను."

అప్పుడు మొదలుపెట్టింది. వారం రోజుల్లో పదిహేడు పాటలు పాడింది. నాయన ఎన్నడూ విననివి. ఆమె ఈది అంటే ఈది అనే కొట్టాను, సామీ అంటే సామీ అనే. కానీ కొట్టింది తిరిగి చదువుతానంటే వద్దనేది. నాయన చదివి వినిపించిన రోజు నుంచి చదివించుకోవడం అంటేనే ఆమెకు పడేది కాదు. ఆ పాటలు ఎక్కడికి పోతున్నాయని ఒకసారి అడిగితే, ఈ పెట్టెలో డిస్కు ఒకటే అయినా దాన్ని రెండు భాగాలు చేశారని చెప్పాను. సి అనే దాంట్లో ఈ కంప్యూటర్ మిషన్ నడవడానికి కావాల్సిన దాని సామాను, డి అనే దాంట్లో మన సామాను. నీ పాటలు డి లో ఉన్నాయి అన్నాను. ఉదయగిరి తిరిగి వెళ్ళాక ఆమె వీధిలో అందరికీ అదే చెప్పుకుందట, నా పాటలు ఆత్మకూరులో డి లో ఉండాయి అని.

ఇంటికి వెళ్ళిన రెండు నెలలకు అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నేను వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాను. బస్టాండు దాకా నడిచొచ్చిన నాయన బస్సు కదిలే ముందు కిటికీ కమ్మీ పట్టుకుని, "చెవులు బాగానే వినపడతా ఉండాయి. ఆ పదిహేడు తెచ్చి ఆమెకి ఒకసారి వినిపించమ్మా. నా రాత వద్దు, నువ్వు కొట్టినట్టే" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

నేను ఆత్మకూరు వచ్చేసరికి మస్తానన్న రెండో హార్డ్ డిస్కు తెప్పించి ఉన్నాడు. పాతది నిండిపోయింది, ఏ ఫైలు తెరిచినా చోటు లేదంటోంది. కొత్తది పాతదానికి రెండింతలు పెద్దది. నెల్లూరులో అమ్మిన షాపువాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. పాత డిస్కు వెనక బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుందట, అది ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు మారిస్తే పాతది పెద్దన్న, కొత్తది తమ్ముడు అవుతాయట. ఒకే వైరు మీద రెండూ తగిలించి, ఆ తర్వాత కొత్తదాన్ని ఒకసారి ఫార్మాట్ కొట్టుకోమని చివర్లో రాసి ఉంది. మస్తానన్న కంపోజిటర్ పట్టకారుతో ఆ ముక్కను పట్టి మార్చాడు. మిషన్ లేచింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నేను అవ్వ పాటలు ఫ్లాపీలో వేద్దామని డి తెరిచాను. ఖాళీగా ఉంది.

ఒక్క ఫైలు లేదు. పాటలు లేవు, శుభలేఖలు లేవు, ఏమీ లేవు. మస్తానన్న నా భుజం మీదుగా చూసి, తప్పు చూశావని కుర్చీ లాక్కుని తనే తెరిచాడు. ఖాళీయే. కొత్తది తగిలించడం వల్లే పాతదానిలో సామాను చెరిగిపోయిందనుకున్నాం. అయితే కొత్తది తీసేద్దామని తీసేశాడు. ఈసారి మిషన్ లేవనే లేదు, డిస్కు దొరకడం లేదని నల్ల తెర మీద ఒక లైను ఇంగ్లీషులో వచ్చి ఆగిపోయింది. ఆ గింజను మళ్ళీ పాత పిన్నుకు మార్చాలని మాకు తెలియదు. డిస్కులు అటూ ఇటూ మార్చి తగిలిస్తే ఆపరేటింగ్ సిస్టమే లేదంది. మొదట ఎట్లా ఉందో అట్లాగే పెడితే మళ్ళీ లేచింది, డి మళ్ళీ ఖాళీ. ఒక్కో మార్పుకు మిషన్ ఒక్కో మాట చెబుతోంది, ఏ మాటా ఇంకో మాటతో కలవడం లేదు. రెండు రోజులు ఇట్లా గడిచాయి. సీసం అక్షరాలైతే కింద పడ్డా ఏరుకోవచ్చు, ఇవి యాడ పడినాయో కూడా తెలియదే అని మస్తానన్న బజ్జీల కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. తప్పు ఆయనదనుకుంటున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. ఫ్లాపీలో వేయకుండా నెలలు గడిపింది నేను. ఆ మాట నేను పైకి అనలేదు. ఇవాళ రాస్తున్నాను.

మూడో రోజు పొద్దున ఆయన నెల్లూరు బయలుదేరాడు, షాపువాళ్ళను నిలదీసి అడుగుతానని. పోతూ పోతూ, ముహూర్తాలు దగ్గరపడ్డాయి కాబట్టి కనీసం కొత్త డిస్కునైనా ఫార్మాట్ కొట్టి సిద్ధం చెయ్యమన్నాడు. కొత్తది ఏదో మాకు సందేహమే లేదు. సి, డి మొదటి నుంచీ ఉన్నవి. డిస్కు తగిలించాక ఇ అని ఒక అక్షరం కొత్తగా వచ్చింది. చివర వచ్చినవాళ్ళు చివర కూర్చుంటారు, కాబట్టి ఇ అంటే కొత్తది. ఇ లో ఏముందో తెరిచి చూద్దామన్న ఆలోచన ఆ రెండు రోజుల్లో ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. కానీ అంగడి నుంచి దించిన కొత్త బీరువా తలుపు తీసి, మన పాత చీరలు ఉన్నాయేమో అని ఎవరు వెతుకుతారు?

ఫార్మాట్ ఇ అని కొట్టాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, చెయ్యమంటావా వద్దా అని అడిగింది. చెయ్యమన్నాను. అంకెలు మొదలయ్యాయి, నూటికి ఒకటి, రెండు, మూడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. ముప్పై దాటాక, అంకె పైన ఉన్న లైను చదివాను. ఎంత చోటు ఫార్మాట్ అవుతోందో అక్కడ రాసి ఉంది. కొత్త డిస్కు పెద్దది కదా, ఇది అందులో నాలుగో వంతు కూడా లేదు. ఆ అంకెను నేను ఎక్కడో చూశాను. పాత డిస్కులో మన సామాను భాగం నిండిపోయిందని మస్తానన్న నాకు చూపించిన రోజు, అదే అంకె. ఏం అర్థమైందో చెప్పలేను, అర్థమైందని కూడా అనలేను. లేచి గోడ మీది స్విచ్చి ఆపేశాను.

గది నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ వేయడానికి ధైర్యం చాలలేదు. అవ్వ మాట ఒకసారి పోయింది, రెండోసారి నా చేత్తో తీశాను అనుకున్నాను. ఏడవలేదు. తెర మీద లేసు గుడ్డ కప్పి, దాని ముందు కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఈలోగా కరెంటు పోయింది, ఆ రోజుల్లో పొద్దున పోతే మధ్యాహ్నం దాకా రాదు. పన్నెండు దాటాక పక్క ఎస్టీడీ బూతు ఆమె వచ్చి మస్తానన్న ఫోను చేశాడని పిలిచింది. ఆయన ఫోను నెల్లూరు షాపు మెకానిక్కు చేతికి ఇచ్చాడు. ఆ కుర్రవాడి పేరు కూడా నాకు తెలియదు, గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. తొందర లేకుండా మాట్లాడాడు.

"మిషన్ లేచేటప్పుడు అన్ని డిస్కుల్లో మొదటి భాగాలకి ముందు అక్షరాలు పంచుతాది మేడం. పాతదాంట్లో మొదటిది సి. ఆ తర్వాత కొత్తదాంట్లో మొదటిది, అది డి. మీ పాతదాంట్లో రెండో భాగం ఆ తర్వాతే. అది ఇ అయ్యుంటాది. కాగితంలో అట్టా రాసున్నా కొత్తది మేము ముందే ఫార్మాట్ చేసి పంపినాము, అందుకే ఖాళీగా కనపడతా ఉండాది. మీ సామాను యాడికీ పోలా."

"ఇ నేను ఫార్మాట్ కొట్టినాను" అన్నాను.

అయిపోయిందా అని అడిగాడు. ముప్పై దాటాక స్విచ్చి ఆపేశానని చెప్పాను. అయితే భయపడొద్దన్నాడు. అది ముందు చోటంతా తడిమి చూసుకుంటుందట, పాత జాబితా చెరిపేది ఆఖర్లోనట. కరెంటు వచ్చాక ఇ తెరిచి చూడమన్నాడు. చెరిగి ఉంటే ఏమీ ముట్టుకోవద్దని, తానే వస్తానని అన్నాడు. నేను రిసీవరు పెట్టేసి బూతు బయట నిలబడ్డాను. ఉన్నవాళ్ళు ఇల్లు మారకపోయినా రాత్రికి రాత్రి ఇంటి నంబరు మారిపోవడం ఏమిటో నాకు అప్పుడు మింగుడుపడలేదు. డి అంటే ఆ చోటు పేరు అనుకున్నాను. వరుసలో ఎన్నోది అని మాత్రమేనట. అవ్వకు కూడా అదే చెప్పాను, ఆమె వీధి వీధంతా చెప్పింది.

కరెంటు రెండున్నరకు వచ్చింది. మస్తానన్న లాగా మిషన్ నెత్తి మీద చెయ్యి పెట్టి స్విచ్చి వేశాను. ఇ తెరిచాను. శుభలేఖలు వరుసగా పైకి జరుగుతూ పోయాయి, వాటి వెనక అవ్వ ఒకటి నుంచి అవ్వ పదిహేడు దాకా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి మొదటి లైను చూశాను. చేతిలో ఉన్న రెండు ఫ్లాపీల్లోనూ వేశాను. సాయంత్రం మస్తానన్న బస్సు దిగి నేరుగా షాపుకు వచ్చాడు. ఉన్నాయి అన్నాను. ఆయన తెర ముందు కూర్చుని, అవ్వ పదిహేడు తెరిచి, మొదటి నుంచి చివరి దాకా తనలో తాను చదువుకున్నాడు. సాయిబు ఇంట్లో పుట్టిన మనిషి, చదివింది బావి దగ్గర యేసయ్యను చూసి ఊళ్ళోకి పరిగెత్తిన సమరయ స్త్రీ పాట. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను. పాత డిస్కు మీద డి కొట్టేసి ఇ అని రాసింది ఆ సాయంత్రమే. తర్వాత ఆ మెకానిక్కు వచ్చి అక్షరాలు సరిచేశాక మళ్ళీ డి రాశాను.

మరుసటి ఆదివారం నెల్లూరులో తీయించిన కాగితాలు పట్టుకుని ఉదయగిరి వెళ్ళాను. అవ్వను గోడకు దిండు వేసి కూర్చోబెట్టాం. నాయన కాస్త దూరంగా, అరుగు మీద, తలుపు పక్కన కూర్చున్నాడు. చదవడం మొదలుపెట్టాను. మొదటి పాటకే ఆమె ఎడమ చెయ్యి దుప్పటి మీద తాళం వేయసాగింది. ఈది అన్న చోట నాయన వైపు చూసింది. ఆయన తలొంచుకుని నవ్వాడు. పదహారు పాటలు అట్లా అయ్యాయి. పదిహేడోదానిలో "బాయికాడ కడవ మరిచి పరిగెత్తే చెల్లెలా" అని చదివేసరికి తాళం ఆగిపోయింది. అవ్వ తల అడ్డంగా ఊపింది.

మళ్ళీ చదివాను. మళ్ళీ ఊపింది. నేను తప్పు విన్నానేమో అని కడవ విడిచి అన్నాను. ఊపింది. కడవ దింపి, కడవ ఒంపి, కడవ పగిలి అన్నాను. నాయన లేచి వచ్చి, తనకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే, పరీక్షలో పిల్లవాడిలా అడిగాడు. ప్రతిదానికీ తల అదే తీరున కదిలింది. మాట తప్పనా, పాట వరస తప్పనా, అసలు చదవడం ఆపమనా, లేక ఆ జబ్బులో తల దానంతట అది కదులుతోందా, మాకు తెలియలేదు. కాసేపటికి ఆమె కళ్ళు మూసుకుంది. మేము ఆపేశాం. మరుసటి రోజు అడుగుదామనుకున్నాం, అడిగాం, అప్పుడూ అంతే. ఎండాకాలం రాకముందే ఆమె పోయింది. నాయన యాభై ఏడు పాటలూ పుస్తకంగా వేయించాడు. తన నలభైలో దిద్దినవన్నీ గుర్తున్నంత మేరకు వెనక్కి మార్చాడు, రాత్రుళ్ళూ పగళ్ళూ కూర్చుని. ఆ ఒక్క మాట దగ్గర ఏం చెయ్యాలో తోచక, నేను కొట్టిందే ఉంచేశాడు.

ఇప్పుడు ఆ పుస్తకం ఉదయగిరిలో పిల్లల ఫోన్లలో ఉంది. నా దగ్గర నాలుగు చోట్ల ఉంది, ఏది పాడైనా ఇంకోటి ఉంటుంది. ఏ అక్షరం వెనక ఉందో నేను గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఆనాడు ఒక్క చోటే ఉండేది, ఆ చోటు పేరు మారితే మూడు రోజులు అన్నం సహించలేదు. ఇంత భద్రంగా దాచుకున్నది ఆమె పాడిన పాటేనా అన్నది మాత్రం ఏ మెకానిక్కూ చెప్పలేడు. పోయినేడు గుడిలో ఆదివారం ఆ పాట పాడారు. అందరూ ఫోన్లు చూసి "కడవ మరిచి" అని పాడుతుంటే, నా వెనక వరుసలో ఆనాటి అవ్వ ఈడు ముసలామె ఒకరు, పుస్తకమూ ఫోనూ లేకుండా, ఆ చోట వేరే ఏదో మాట అన్నట్టు వినిపించింది. ఆరాధన అయ్యేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. అది ముగియగానే బయట చెప్పులు వెతుక్కుంటున్న ఆమెను ఆపి, ఆ చరణం ఇంకోసారి పాడమని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, సంతోషంగా పాడింది. పుస్తకంలో ఉన్నట్టే పాడింది.